పేస్టు ట్యూబు మీద అన్ని సోడియంలా? చప్పిడి పథ్యంలో ఉన్నవారి అసలు లెక్క

గుండె వైఫల్యం ఉందనో, కిడ్నీలు దెబ్బతిన్నాయనో, బీపీ మందులకు లొంగడం లేదనో డాక్టరు ఉప్పు తగ్గించమన్న రోజు నుంచి ఇంట్లో ప్రతి ప్యాకెట్టునూ వెనక్కి తిప్పి చదవడం మొదలవుతుంది. ముందు తినేవాటి వంతు. కొన్నాళ్లకు ఎవరో ఒకరు పళ్లు తోముకుంటూ పేస్టు ట్యూబు వెనక్కి తిప్పుతారు. సోడియం ఫ్లోరైడ్, సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం సాకరిన్, ట్రైసోడియం ఫాస్ఫేట్, సెల్యులోజ్ గమ్. చివరిదాని పేరులో కనిపించకపోయినా అందులోనూ సోడియం ఉంటుంది. ఒక్క ట్యూబులో ఐదు రకాలు! ఇన్నాళ్లూ నోరు కట్టుకుని చప్పిడి తిన్నదంతా పొద్దున్నే పళ్లు తోముకోవడంతో వృథా అవుతోందా?

కంగారు పడటం సహజమే. పెట్టె మీద పేర్లు తప్ప అంకెలు ఉండవు. ఎంత ఉందో, అందులో ఎంత ఒంట్లోకి పోతుందో ఎక్కడా రాయరు. కాస్త ఓపిక పడితే ఆ అంకెలను మనమే రాబట్టవచ్చు. రాబట్టాక చాలా పేస్టుల విషయంలో మనసు తేలికపడుతుంది. కొన్ని వస్తువుల విషయంలో మాత్రం ఆగి ఆలోచించాల్సి వస్తుంది.

ఉప్పు వేరు, సోడియం వేరు

మనం ఉప్పు అనేది సోడియం క్లోరైడ్. దాని బరువులో సుమారు 39 శాతం సోడియం, మిగతాది క్లోరైడ్. అంటే ఒక గ్రాము ఉప్పులో 393 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లు రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఉప్పుగా లెక్కగడితే అది 5 గ్రాములు. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు కొందరు డాక్టర్లు ఈ హద్దును 1,500కు దించుతారు. చీటీ మీద ఉన్న అంకె ఉప్పుదా, సోడియందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రెండూ కలగాపులగమైతే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది. ఈ పొరపాటు జరగని ఇల్లు తక్కువ.

సోడియం క్లోరైడ్‌తోనే కాక మరెన్నో వాటితో జతకడుతుంది. జత మారితే బరువులో సోడియం వంతు కూడా మారుతుంది. వంటసోడాలో, అంటే సోడియం బైకార్బొనేట్‌లో, 27 శాతం. సోడియం ఫ్లోరైడ్‌లో 55 శాతం. నురుగు తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్‌లో 8 శాతమే, ఎందుకంటే అది పొడవాటి కొవ్వు గొలుసు, దాని ఒక కొసన ఒక్క సోడియం పరమాణువు. తీపినిచ్చే సోడియం సాకరిన్‌లో 11 శాతం. కాబట్టి పేరులో సోడియం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందని లెక్కపెడితే ఏమీ తేలదు. ఏది ఎంత బరువుందన్నదే తేల్చేది.

రక్తంలో సోడియం పెరిగితే దాని గాఢత మారకుండా శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. ఆరోగ్యమైన కిడ్నీలు అదనపు సోడియాన్నీ నీటినీ బయటికి పంపేస్తాయి. గుండె బలహీనపడినా, కిడ్నీలు అలసిపోయినా ఆ పని కుంటుపడి కాళ్లకు నీరు దిగుతుంది, ఆయాసం వస్తుంది, బీపీ పెరుగుతుంది. పథ్యం ఎందుకంటే ఇందుకే.

పేస్టులోకి సోడియం ఎందుకొచ్చింది?

రుచి కోసం వేసేది తక్కువ. ఫ్లోరైడ్, సాకరిన్, ఫాస్ఫేట్ లాంటివి విడిగా ఉండలేవు, ఏదో ఒక జత కావాలి. సోడియం జతకడితే నీళ్లలో బాగా కరుగుతాయి, చవక, విషం కాదు. ఫ్లోరైడ్ పన్ను గట్టిపరుస్తుంది. లారిల్ సల్ఫేట్ నురగతో జిడ్డును లేపుతుంది. ఫాస్ఫేట్లు పేస్టు మరీ పుల్లగా, మరీ క్షారంగా మారకుండా చూస్తాయి. సెల్యులోజ్ గమ్ అనే పేరుతో కనిపించే సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ పేస్టును చిక్కగా ఉంచుతుంది, లేకపోతే ట్యూబులో నీళ్లు ఒకవైపు, పొడి ఒకవైపు విడిపోతాయి. వీటిలో చాలావరకు ఒక శాతం అటూఇటుగానే వేస్తారు.

పెద్ద మోతాదులో వేసేవి మూడు. ఒకటి, గార పట్టకుండా వేసే పైరోఫాస్ఫేట్లు, హెక్సామెటాఫాస్ఫేట్. రెండు, వంటసోడా. మూడు, అసలు ఉప్పే. ఉప్పు పేస్టు అని అమ్మేవి ఉన్నాయి కదా.

మామూలు ఫ్లోరైడ్ పేస్టు లెక్క

బ్రష్షు పొడుగునా ఒత్తుకుంటే పేస్టు బరువు సుమారు ఒక గ్రాము. ఫ్లోరైడ్ 1,450 పీపీఎం అని రాసి ఉందనుకుందాం. అంటే గ్రాము పేస్టులో 1.45 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. అది సోడియం ఫ్లోరైడ్ రూపంలో ఉంటే దాంతోపాటు వచ్చే సోడియం 1.75 మిల్లీగ్రాములు. లారిల్ సల్ఫేట్ 2 శాతం ఉంటే 20 మిల్లీగ్రాములు, అందులో సోడియం 1.6. సాకరిన్ 0.3 శాతమైతే సోడియం 0.3. సెల్యులోజ్ గమ్ ఒక శాతమైతే 0.8. ట్రైసోడియం ఫాస్ఫేట్ అర శాతమైతే 2.1. అన్నీ కూడితే ఆరున్నర మిల్లీగ్రాములు. రోజుకు రెండుసార్లు తోముకుంటే 13.

ఒక్క చుక్క కూడా ఉమ్మకుండా మొత్తం మింగేసినా ఇది 13 మిల్లీగ్రాములే. 2,000లో ఒక శాతం కూడా కాదు. ఉప్పుగా చూస్తే 33 మిల్లీగ్రాములు, అంటే రెండు వేళ్లతో పట్టిన చిటికెడులో పదో వంతు. పేస్టును మింగేవాళ్లెవరు? ఉమ్మేస్తాం. పదో వంతు లోపలికి పోయిందనుకున్నా రోజు మొత్తానికి 1.3 మిల్లీగ్రాములు. మనకు తెలియకుండా మనం మింగే మన లాలాజలంలో ఇంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. రోజుకు లీటరు దాకా లాలాజలం ఊరుతుంది, లీటరుకు 200 మిల్లీగ్రాముల పైచిలుకు సోడియం ఉండటం మామూలే. అది ఒంట్లోంచి వచ్చి ఒంట్లోకే పోయేది కాబట్టి పథ్యం లెక్కలోకి రాదు. నోటికి సోడియం కొత్త చుట్టం కాదని చెప్పడానికే ఈ మాట.

పళ్లు తోముకున్నాక నీళ్లు పోసి పుక్కిలించకండి, ఉమ్మేసి వదిలేయండి, ఫ్లోరైడ్ పంటి మీద నిలుస్తుంది అని దంతవైద్యులు చెబుతుంటారు. పథ్యంలో ఉన్నవాళ్లకు ఇది తిరకాసుగా తోస్తుంది. ఫ్లోరైడ్ నిలిస్తే సోడియం కూడా నిలుస్తుందిగా? నిలుస్తుంది, ఆ 1.3 మిల్లీగ్రాములే. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవాళ్లకు నోరెండిపోతుంటుంది. నోరెండితే పళ్లు తొందరగా పుచ్చుతాయి. అలాంటివాళ్లకు ఆ ఫ్లోరైడ్ అందరికన్నా ఎక్కువ అవసరం. ఒకటిన్నర మిల్లీగ్రాముల సోడియానికి జడిసి ఫ్లోరైడ్ పేస్టును పక్కన పెట్టేయడం నాకు బాధ కలిగించే విషయం. ఇక్కడ జరిగే నష్టం సోడియం వల్ల కాదు, దాని పేరు వల్ల.

అంకె పెద్దదయ్యే చోట్లు

గార నివారణ పేస్టుతో మొదలుపెడదాం. అందులో టెట్రాసోడియం పైరోఫాస్ఫేట్ 5 శాతం ఉంటే గ్రాముకు 17 మిల్లీగ్రాముల సోడియం అదనం. రెండు పూటలకు 35. మొత్తం మింగితేనే ఇది. ఉమ్మేస్తే మూడు నాలుగు. ఇంకా చిన్న అంకే.

వంటసోడా పేస్టు దగ్గరికి వచ్చేసరికి మెట్టు ఒక్కసారిగా పైకి వెళుతుంది. చిగుళ్ల నుంచి రక్తం కారేవాళ్ల కోసం అమ్మే కొన్ని పేస్టుల్లో సోడియం బైకార్బొనేట్ బరువులో 67 శాతం దాకా ఉంటుంది. ఒక గ్రాములో 670 మిల్లీగ్రాముల వంటసోడా, అందులో 183 మిల్లీగ్రాముల సోడియం. మామూలు పేస్టుకు దాదాపు 28 రెట్లు. రెండు పూటలా తోమితే నోట్లోకి వచ్చేది 366 మిల్లీగ్రాములు. పదో వంతు మింగితే 37, అంటే 2,000 హద్దులో రెండు శాతానికి కాస్త తక్కువ. చక్కగా ఉమ్మేయగలిగిన మనిషికి ఇది కూడా భరించదగ్గదే. 1,500 హద్దు పెట్టుకుని, ఆ పేస్టును మొత్తం మింగేసే మనిషికైతే రోజు కోటాలో నాలుగో వంతు పేస్టుకే పోతుంది. వస్తువు అదే, మింగే తీరును బట్టి రెండు శాతం నుంచి ఇరవై నాలుగు దాకా వెళ్లింది.

ఉప్పు నీళ్ల పుక్కిలింత సంగతి కూడా ఇలాంటిదే. పన్ను తీయించుకున్నాకో, నోట్లో పుండ్లు లేచినప్పుడో గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించమంటారు. అర చెంచా అంటే సుమారు 3 గ్రాములు. గ్లాసు మొత్తంలో 1,180 మిల్లీగ్రాముల సోడియం! వినగానే గుండె ఝల్లుమంటుంది. ఒకసారి నోట్లో పోసుకునేది 20 మిల్లీలీటర్లు. 240 మిల్లీలీటర్ల గ్లాసులో అది పన్నెండో వంతు, 98 మిల్లీగ్రాములు. ఉమ్మేశాక నోట్లో మిగిలేది ఒక మిల్లీలీటరు అనుకుంటే 5 మిల్లీగ్రాములు. రోజుకు ఐదుసార్లు పుక్కిలిస్తే 25. అదే మనిషి గొంతు దాకా పోనిచ్చి గుటుక్కున మింగేస్తే ఒక్కో గుక్కకు 98, ఐదు గుక్కలకు 490. ఇది పథ్యాన్ని కదిలించే అంకె. గొంతు నొప్పికి పుక్కిలించేవాళ్లు కొంత మింగడం చాలాచోట్ల జరిగేదే.

కీమోథెరపీలో నోరు పూసినవాళ్లకు వంటసోడా నీళ్లు ఇస్తుంటారు. ఒక చెంచా వంటసోడా 4.6 గ్రాములు, అందులో 1,260 మిల్లీగ్రాముల సోడియం. ఇక్కడా అదే సూత్రం. ఉమ్మితే పదుల్లో, మింగితే వందల్లో.

ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో అంత ఉండదు. 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న పది మిల్లీలీటర్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే సోడియం 2.7 మిల్లీగ్రాములు. మిగతా దినుసులను కలుపుకున్నా పుక్కిలించి ఉమ్మేదే కదా.

నోట్లోంచే రక్తంలోకి ఎక్కదా?

ఈ ప్రశ్నకు బలమైన కారణమే ఉంది. గుండెనొప్పి వచ్చినప్పుడు నైట్రోగ్లిజరిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటే నిమిషాల్లో రక్తంలోకి ఎక్కుతుంది. మరి పేస్టులోని సోడియం ఎందుకు ఎక్కదు? నోటి లోపలి పొర కొవ్వుల అడ్డుగోడ లాంటిది. నైట్రోగ్లిజరిన్ చిన్నది, విద్యుదావేశం లేనిది, కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఆ గోడలోంచి జారిపోతుంది. నీళ్లలో కరిగిన సోడియం ధనావేశం ఉన్న అయాను, చుట్టూ నీటి అణువుల్ని కప్పుకుని ఉంటుంది. కొవ్వు గోడ దాన్ని రానివ్వదు. పైగా తోముకునేది రెండు నిమిషాలు. చిన్న పేగులో సోడియాన్ని లోపలికి లాగే ప్రత్యేకమైన తలుపులు ఉన్నాయి, అక్కడికి చేరితే దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్తుంది. అందుకే మింగిందాన్నే లెక్కపెడతాం.

దీన్ని బట్టి ఎవరికి ఇబ్బందో కూడా తేలుతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఉమ్మడం పూర్తిగా చేతకాదు. పక్షవాతం వచ్చి మింగడం మీద పట్టు తప్పినవాళ్లు, మతిమరుపు ముదిరి ఉమ్మమంటే ఎందుకో అర్థంకానివాళ్లు నోట్లో వేసింది మింగేస్తారు. వాళ్ల పళ్లు తోమే మనిషి చేతిలో ఉన్న పేస్టు పరిమాణమే వాళ్ల మోతాదు. కిడ్నీ జబ్బుతో ఒళ్లు వాచే రెండేళ్ల పాపకు బియ్యపు గింజంత పేస్టు, అంటే 0.1 గ్రాము పెట్టారనుకుందాం. మామూలు పేస్టయితే 0.7 మిల్లీగ్రాము, పట్టించుకోనక్కర్లేదు. అదే 67 శాతం వంటసోడా పేస్టయితే 18, రెండు పూటలకు 36. అమెరికా నేషనల్ అకాడెమీస్ 2019లో 1–3 ఏళ్ల పిల్లలకు రోజుకు సరిపోయే సోడియం 800 మిల్లీగ్రాములని చెప్పాయి. ఆ లెక్కన నాలుగున్నర శాతం. భయపడే అంకె కాదు గానీ, పిల్లకు అవసరం లేని అంకె. బ్రష్షు పొడుగునా ఒత్తితే పది రెట్లవుతుంది.

ఉమ్మేయడానికి వీల్లేనివి

పేస్టు గురించి ఇంత కంగారు పడేవాళ్లు కూడా కట్టుడు పళ్ల జిగురు గురించి అడగగా నేను వినలేదు. నిజానికి ముందు అడగాల్సింది దాన్నే. పేస్టు రెండు నిమిషాలుండి పోతుంది. పళ్ల సెట్టు జారకుండా రాసుకునే జిగురు పొద్దుటి నుంచి రాత్రి దాకా నోట్లోనే ఉండి, కొంచెం కొంచెంగా లాలాజలంలో కరిగి కడుపులోకి పోతుంది. ఉమ్మే అవకాశం లేదు. ఆ జిగురులో బంక ఎక్కువగా సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజే. రోజుకు ఒక గ్రాము రాసుకుంటే, అందులో అది 30 శాతం ఉంటే, 300 మిల్లీగ్రాములు. దానిలో సోడియం 8 శాతం చొప్పున 24 మిల్లీగ్రాములు. మొత్తం మింగుడుకే. మామూలు పేస్టు మింగుడు కన్నా పద్దెనిమిది రెట్లు, అయినా హద్దులో ఒక శాతం చిల్లర. పళ్ల సెట్టు వదులైపోయి, పూటకోసారి జిగురు రాసుకుంటూ వారానికి ట్యూబులకు ట్యూబులు వాడేవాళ్లకు ఈ అంకె పెరుగుతుంది.

ఇలా వాడేవాళ్లుంటారా అన్న అనుమానం వద్దు. సోడియంతో కాకపోయినా జింకుతో ఈ కథ నిజంగా జరిగింది. కొన్ని జిగుర్లలో జింకు కలిపేవారు. ఏళ్ల తరబడి అతిగా రాసుకున్న కొందరికి ఒంట్లో రాగి తగ్గిపోయి, నరాలు దెబ్బతిని, నడక తూలిపోయింది. 2008లో నరాల వైద్యులు ఈ సంబంధాన్ని వైద్య పత్రికలో బయటపెట్టారు. 2010లో ఒక పెద్ద తయారీ సంస్థ తన జింకు జిగుర్లను మార్కెట్ నుంచి తీసేసింది. నోటికి రాసేది కడుపులోకి పోదన్న ధీమా ఎంత తప్పో చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

నోరెండిపోయేవాళ్లు కొట్టుకునే కృత్రిమ లాలాజలం స్ప్రేలు, చప్పరించే బిళ్లలు, వంటసోడా కలిపిన చూయింగ్ గమ్ కూడా ఈ జాతివే. అవి మింగడానికే ఉన్నాయి. విడిగా చూస్తే చిన్నవి. రోజుకు పది బిళ్లలు చప్పరించేవాళ్లు మాత్రం పదితో హెచ్చవేసుకోవాలి. రాత్రి పళ్ల సెట్టును నానబెట్టే నురుగు బిళ్లల్లో వంటసోడా, సోడియం పెర్బోరేట్ లాంటివి దండిగా ఉన్నా, కడిగి పెట్టుకునే సెట్టుతో నోట్లోకి వచ్చేది నామమాత్రం.

పెట్టె మీద అంకె ఎందుకు వేయరు?

దాచాలని కాదు. తినే వస్తువులకు పోషకాల పట్టిక ఉంటుంది. పేస్టు చాలా దేశాల్లో సౌందర్య సాధనం, లేదా ఫ్లోరైడ్ ఉంది కాబట్టి మందు. రెండు గదుల్లోనూ సోడియం అంకె వేయాలన్న నియమం దానికి వర్తించదు. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా కొనే మందుల్లో ఒక విడత మోతాదుకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి సోడియం ఉంటే పెట్టె మీద వేయాలి. రోజు గరిష్ఠ మోతాదులో 140 దాటితే సోడియం పథ్యంలో ఉన్నవాళ్లు డాక్టరును అడగాలన్న హెచ్చరిక ఉండాలి. ఆ నిబంధనలోనే చూయింగ్ గమ్, చప్పరించే బిళ్లలు లెక్కలోకి వస్తాయని, పేస్టులూ మౌత్‌వాష్‌లూ రావని స్పష్టంగా రాసి ఉంది. మింగేది, మింగనిది అన్న గీత గీశారన్నమాట. నా ఉద్దేశంలో ఆ గీత సబబే. పళ్ల సెట్టు జిగురే ఆ గీత మీద అటూ ఇటూ కాకుండా నిలబడింది.

అంకె లేకపోయినా వరుస ఉపయోగపడుతుంది. దినుసులను సాధారణంగా బరువు తగ్గే క్రమంలో రాస్తారు, ఒక శాతం కన్నా తక్కువున్నవి ఎలాగైనా రాయవచ్చు. వంటసోడా మొదటి పేరైతే అది ఆ పేస్టులో అన్నిటికన్నా బరువైన దినుసు. సాకరిన్ పక్కన, రంగు పక్కన ఉన్న సోడియం పేర్లు ఒక శాతం చుట్టుపక్కలవి.

వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు

ప్రతి మిల్లీగ్రామూ లెక్కే అన్నది ఒక పక్షం. దీని వేళ్లు పాత కాలంలో ఉన్నాయి. 1940ల్లో బీపీకి పనిచేసే మందులు లేవు. వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు ఆ రోజుల్లో అన్నం, పండ్లతో పెట్టిన పథ్యంలో రోజుకు సోడియం 150 మిల్లీగ్రాములకు లోపే. 1950ల చివర్లో క్లోరోథయజైడ్ అనే మూత్రం పోయించే మాత్ర వచ్చాక అంత కటిక పథ్యం అవసరం తగ్గింది. 150 కోటాలో వంటసోడా పేస్టు మింగుడు 37 అంటే నాలుగో వంతు, అప్పుడు దాన్ని పట్టించుకోక తప్పదు. నేటి 2,000లో అది వేరే సంగతి. పాత హెచ్చరిక అలాగే మిగిలిపోయి, దాని వెనకున్న అంకె మారిపోయింది. ఈ పక్షంలో ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది: చిన్న చిన్న మూలాలు నాలుగైదు కలిస్తే పెద్దవవుతాయి. జిగురు, స్ప్రే, బిళ్లలు, వంటసోడా పేస్టు అన్నీ ఒకే మనిషి వాడుతుంటే వంద దాటవచ్చు.

రెండో పక్షం అసలు హద్దునే ప్రశ్నిస్తుంది. గుండె వైఫల్యం ఉన్న 806 మందితో ఆరు దేశాల్లో చేసిన సోడియం హెచ్ఎఫ్ అనే పరీక్ష ఫలితాలు 2022లో లాన్సెట్‌లో వచ్చాయి. సగం మందిని 1,500 లోపు ఉండమన్నారు. ఏడాదికి వాళ్లు రోజుకు 1,658 దగ్గర, మిగతావాళ్లు 2,073 దగ్గర ఉన్నారు. మరణాలు, ఆస్పత్రి చేరికలు కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు, జీవన నాణ్యత మాత్రం కొద్దిగా మెరుగైంది. రెండు గుంపుల మధ్య తేడా 415 మిల్లీగ్రాములు. అంత తేడాకే స్పష్టమైన ఫలితం కనిపించనప్పుడు పేస్టులోని ఒకటిన్నర మిల్లీగ్రాములు ఏం చేస్తాయన్నది వీళ్ల ప్రశ్న. అయితే ఇది గుండె వైఫల్యం ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకో, ఒళ్లంతా నీరు పట్టినవాళ్లకో దీన్ని నేరుగా అంటగట్టలేం.

మూడో చర్చ రసాయనానికి సంబంధించింది. బీపీ పెంచేది సోడియం ఒక్కటేనా, క్లోరైడ్ జతగా ఉండాలా? 1987లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన చిన్న అధ్యయనంలో ఐదుగురు పురుషులకు ఉప్పు ఇస్తే బీపీ పెరిగింది, అంతే సోడియం సిట్రేట్ రూపంలో ఇస్తే పెరగలేదు. ఐదుగురే కాబట్టి తొందరపడలేం. కిడ్నీ వైద్యులు ఉప్పు తగ్గించమంటూనే రక్తంలో ఆమ్లం పెరిగినవాళ్లకు సోడియం బైకార్బొనేట్ మాత్రలు రాయడం మాత్రం మామూలు. 500 మిల్లీగ్రాముల మాత్రలో 137 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. వంటసోడా పేస్టు చూసి బెదిరిన మనిషి చేతి సంచిలోనే ఆ మాత్రలు ఉండవచ్చు. వాటికి వైద్యపరమైన కారణం ఉంది, మోతాదు డాక్టరుకు తెలుసు. పేస్టుకూ దానికీ తేడా అదే.

సోడియం లేకుండానే బీపీ మీద పడే మౌత్‌వాష్

ఇక్కడ చాలామందికి తెలియని మలుపు ఉంది. నాలుక మీద ఉండే కొన్ని బ్యాక్టీరియా ఆకుకూరల నుంచి వచ్చే నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి, అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. క్రిములను చంపే ఘాటైన మౌత్‌వాష్ వాడితే వాటితో పాటు ఈ మంచి బ్యాక్టీరియా కూడా పోతాయి. 2013లో ఆరోగ్యవంతులు వారం రోజులు క్లోర్‌హెక్సిడిన్ అనే అలాంటి మౌత్‌వాష్ వాడితే బీపీ 2 నుంచి 3.5 మిల్లీమీటర్లు పెరిగినట్టు ఒక చిన్న అధ్యయనంలో తేలింది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేం. ఆ సీసాలో సోడియం సున్నా ఉన్నా ఫలితం ఇదే.

అతిమధురం మరో ఉదాహరణ. దానిలోని గ్లిసరైజిన్ కిడ్నీల చేత సోడియాన్ని పట్టి ఉంచేలా చేస్తుంది. అతిమధురం కలిపిన పొగాకు నములుతూ ఆ రసం మింగే మనిషికి పొటాషియం పడిపోయిన సంగతి 1980లోనే వైద్య పత్రికకెక్కింది. మూలిక కాబట్టి మంచిదనుకునే నోటి ఉత్పత్తుల్లో ఈ పేరు ఉంటే అది సోడియం పేరు కన్నా ముందు గమనించాల్సింది.

పొటాషియం తగ్గించమన్న కిడ్నీ రోగులకు పళ్లు జివ్వుమనకుండా వాడే పేస్టు గురించి ఇదే సందేహం వస్తుంది. అందులో పొటాషియం నైట్రేట్ 5 శాతం. గ్రాముకు 19 మిల్లీగ్రాముల పొటాషియం, పదో వంతు మింగితే రెండు.

నిజంగా దాక్కున్న సోడియం

నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగే మాత్రలు చూసే ఉంటారు. ఆ పొంగు వంటసోడాదే. పొంగే పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కదానిలో సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పంటి నొప్పికి రోజుకు ఎనిమిది వేసుకుంటే 3,200. పథ్యం మొత్తం ఈ ఒక్క మందుతో బోల్తా. ఇక్కడ ఉమ్మడం లేదు, మొత్తం తాగేస్తాం. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం ఇలాంటి సోడియం మాత్రలు వాడినవాళ్లలో గుండె, రక్తనాళాల సమస్యలు ఎక్కువ కనిపించాయని చెప్పింది. అది సంబంధాన్నే చూపింది, కారణాన్ని తేల్చలేదు. అయినా సోడియం బైకార్బొనేట్ ఉప్పులా హాని చేయదన్న వాదనకు ఇది గట్టి ఎదురు ప్రశ్న.

ఎంత చప్పిడి తిన్నా వాపు తగ్గకపోతే డాక్టర్లు 24 గంటల మూత్రాన్ని పట్టి అందులో సోడియం కొలిపిస్తారు. తిన్న సోడియంలో దాదాపు 90 శాతం మూత్రంలోనే పోతుంది కాబట్టి, స్థిమితంగా ఉన్న మనిషిలో అది లోపలికి ఎంత పోతోందో చెప్పేస్తుంది. 1,500 పథ్యంలో ఉన్న మనిషి మూత్రంలో 3,500 కనిపించిందనుకుందాం. ఆ 2,000 తేడాను మామూలు పేస్టు రోజుకు మూడు ట్యూబులు మింగినా పూడ్చలేదు. వంద గ్రాముల ట్యూబు మొత్తం తినేసినా వచ్చేది 650. అప్పుడు వెతకాల్సింది మందుల డబ్బాలో పొంగే బిళ్లలను, కడుపు మంటకు తాగే సోడాను, మింగేస్తున్న పుక్కిలింతను, రోజుకు నాలుగుసార్లు రాస్తున్న జిగురును.